హద్దుల చిట్టా: కర్నెల్ వెరిఫైయర్‌లో విలువల లెక్కను సరిచూసే విద్య

ఒక కొలత ఇంత అని కచ్చితంగా చెప్పలేని చోట, అది ఇంతకు తగ్గదు, ఇంతకు మించదు అని పూచీపడగలగడం యంత్రనిర్మాణంలో మొదటి పాఠం. సూరత్‌కు నైరుతిగా, తపతీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న హజీరాలోని ఎల్ అండ్ టీ కర్మాగారం ఫ్రాన్స్‌లోని ఇటర్ సంలీన రియాక్టర్ కోసం తయారుచేసిన క్రయోస్టాట్‌ను ఈ పాఠానికి ఉదాహరణగా తీసుకోవచ్చు. సుమారు 3,850 టన్నుల బరువు, దాదాపు 29 మీటర్ల వ్యాసం, ఇంచుమించు అంతే ఎత్తు ఉన్న ఆ ఉక్కు శూన్యపాత్రను ఒకే ముక్కగా ఓడ ఎక్కించడం కుదరదు గనుక 54 భాగాలుగా చేశారు. వాటిలో చివరిదైన పైమూత 2020లో హజీరా నుంచి బయలుదేరింది. ఇక్కడ చేసిన ముక్క అంచు సముద్రాల అవతల మరో ముక్క అంచుతో కలవాలంటే, డ్రాయింగులో ప్రతి కొలత పక్కనా టాలరెన్స్, అంటే అనుమతించిన హెచ్చుతగ్గు, రాసి ఉండాలి. ఒక్కో ముక్కకు అటూ ఇటూ 2 మిల్లీమీటర్లు అనుమతిస్తే మూడు ముక్కలు కలిపినప్పుడు ఆ తేడా 6 మిల్లీమీటర్ల దాకా పోవచ్చునని ఏ ఫిట్టరుకైనా తెలుసు. ఒక డ్రాయింగులో ఒక అంకె మారిందంటే దాని మీద ఆధారపడిన హద్దులన్నీ మళ్లీ లెక్కగట్టాలి.

సరిగ్గా ఈ లెక్కనే లైనక్స్ కర్నెల్‌లోని ఒక భాగం, లోహానికి బదులు అంకెల మీద, మనిషి సాయం లేకుండా చేస్తుంది. దాని పేరు బీపీఎఫ్ వెరిఫైయర్. కంప్యూటర్‌లో మెమరీ, డిస్కు, నెట్‌వర్క్ అన్నిటి మీదా అధికారమున్న కేంద్రభాగమే కర్నెల్. అక్కడ ఒక్క తప్పు రాత జరిగితే యంత్రం మొత్తం పడిపోవచ్చు, లేదా పరాధీనం కావచ్చు. అయినా బయటివారు రాసిన చిన్న ప్రోగ్రాములను కర్నెల్ లోపలే నడిపించుకోవలసిన అవసరాలు ఉంటాయి. నెట్‌వర్క్ పొట్లాలను వడగట్టడానికి లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన స్టీవెన్ మెకాన్, వాన్ జేకబ్‌సన్ 1990ల ఆరంభంలో మొదలుపెట్టిన ఈ బీపీఎఫ్ పద్ధతిని, అలెక్సీ స్టారొవోయ్‌టొవ్ తదితరులు 2014లో విస్తరించి కర్నెల్‌లో చేర్చారు. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏ యాప్ ఎంత డేటా వాడిందో లెక్కగట్టే పని కూడా ఇలాంటి ప్రోగ్రామే చేస్తుంది. ఇటువంటి ప్రోగ్రామును లోపలికి రానిచ్చే ముందు, దాన్ని నడపకుండానే, అది తనకు కేటాయించిన జాగా దాటి చదవదనీ రాయదనీ తేల్చే ద్వారపాలకుడే వెరిఫైయర్.

ప్రోగ్రాము వాడే రిజిస్టర్లు, అంటే ప్రాసెసర్‌లో అంకెలను పట్టుకునే గడులు, మొత్తం 11. వెరిఫైయర్ ఒక్కో ఆదేశాన్నీ వరసగా చదువుతూ, ప్రతి గడిలో అప్పటికి ఏ విలువలు ఉండవచ్చునో చిట్టాలో పద్దు రాసుకుంటుంది. బయటి నుంచి వచ్చిన ఒక బైట్‌ను ప్రోగ్రాము చదివిందనుకుంటే ఆ విలువ 0 నుంచి 255 వరకూ ఏదైనా కావచ్చు. దానికి 7తో బిట్ల వారీ ‘అండ్’ వేస్తే హద్దు 0 నుంచి 7కు కుంచించుకుంటుంది. 4తో గుణిస్తే 0 నుంచి 28 అవుతుంది. 32 బైట్ల పట్టికలో ఆ స్థానం నుంచి 4 బైట్లు చదివితే, ఆఖరి స్థానమైన 28కి 4 కలిపినా సరిగ్గా 32 దగ్గర ఆగుతుంది కనుక వెరిఫైయర్ అనుమతిస్తుంది. 7 బదులు 8 రాసి ఉంటే ఆ గడిలో 0 గానీ 8 గానీ మిగులుతుంది, గుణించాక 32 కావచ్చు, ప్రోగ్రాము గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

అయితే కనిష్ఠం, గరిష్ఠం రెండే రాసుకుంటే చాలదు. పై ఉదాహరణలో నిజంగా రాగల విలువలు 0, 4, 8 అంటూ నాలుగేసి అంతరంతో 28 దాకా ఎనిమిదే ఉండగా, 0 నుంచి 28 అన్న హద్దు చూస్తే 29 విలువలకు చోటున్నట్టు కనిపిస్తుంది. ఈ లోటు తీర్చడానికి ఎడ్వర్డ్ క్రీ 2017లో, కర్నెల్ 4.14 కోసం, ఒక్కో బిట్‌కూ మూడు స్థితులుండే సంఖ్యను ప్రవేశపెట్టాడు: కచ్చితంగా 0, కచ్చితంగా 1, తెలియదు. కర్నెల్ రాసేవారు దాన్ని టీనమ్ అంటారు. తెలుగులో త్రిస్థితి సంఖ్య అనవచ్చు. 4తో గుణించిన విలువకు చివరి రెండు బిట్లు కచ్చితంగా 0 అన్న సంగతి ఇందులో నిలుస్తుంది. రెండు త్రిస్థితి సంఖ్యలను కూడే పద్ధతి చిన్నదే గానీ చూడముచ్చటైనది: తెలియని బిట్లన్నీ 0 అనుకుని ఒకసారి, అన్నీ 1 అనుకుని మరోసారి కూడి, ఆ రెండు మొత్తాలూ ఏ స్థానాల్లో వేరుపడుతున్నాయో వాటిని, మొదటే తెలియని స్థానాలతో కలిపి, ‘తెలియదు’ అని రాయాలి. చేతిలో మిగిలిన 1 ఎక్కడి దాకా పాకగలదో ఈ ఒక్క పోలికలోనే తేలిపోతుంది.

ఈ విధంగా ఒకే గడికి పలు పద్దులు ఏర్పడతాయి: విలువను ధనసంఖ్యగా చూసినప్పటి హద్దులు, రుణసంఖ్యలు కూడా ఉన్నట్టు చూసినప్పటి హద్దులు, 64 బిట్లకు ఒక జత, దిగువ సగమైన 32 బిట్లకు మరో జత, వీటన్నిటితోపాటు త్రిస్థితి సంఖ్య. ఒకే మనిషి బరువును అయిదు తరాజుల్లో తూచినట్టు, అన్నీ ఒకే సత్యాన్ని వేర్వేరు వైపుల నుంచి చెప్పాలి. ఒక పద్దులో కొత్త సంగతి తెలిసిన ప్రతిసారీ మిగతావాటిని దానితో సరిపెట్టాలి. విలువల లెక్కలో వచ్చే పొరపాట్లలో చాలావాటికి మూలం ఈ సరిపెట్టడంలోనే ఉంటుంది.

ఈ లెక్కలో మార్పులు ప్రతిపాదించినప్పుడు వాటిని సరిచూసేవారి దృష్టి మామూలు ప్రోగ్రాము సమీక్షలో ఉండే దృష్టికి భిన్నమైనది. అక్కడ ‘ఇది పనిచేస్తుందా’ అని అడుగుతారు. ఇక్కడ ‘నిజంగా రాగల విలువ ఏదైనా ఈ హద్దు బయట మిగిలిపోతుందా’ అని అడగాలి. హద్దు అవసరానికి మించి వెడల్పుగా ఉంటే మంచి ప్రోగ్రాము కూడా తిరస్కారానికి గురవుతుంది, రాసినవారు విసుక్కుంటారు, అంతకు మించి నష్టం లేదు. హద్దు ఒక్క విలువంత ఇరుకైతే, వెరిఫైయర్ అబద్ధానికి సాక్ష్యం చెప్పినట్టే. ఏదీ వదిలిపెట్టని గుణాన్ని శాస్త్రంలో సౌండ్‌నెస్ అనీ, అనవసరమైనదాన్ని చేర్చని గుణాన్ని ప్రెసిషన్ అనీ అంటారు. ఫ్రాన్స్‌కు చెందిన పాట్రిక్, రాధియా కూసో దంపతులు 1977లో వెలువరించిన సిద్ధాంతంలో దీనికి పునాది ఉంది. రెండోది ఎంత ఉన్నా సంతోషమే. మొదటి దానిలో మాత్రం బేరసారాలు లేవు.

అందువల్ల మార్పుతోపాటు వచ్చే వివరణలో అది ఎందుకు సరైనదో చెప్పే వాదన ఉందా అన్నది సమీక్షలో మొదట చూడవలసినది. పరీక్షలన్నీ నెగ్గాయన్న మాట వాదన కాదు. ఆ తర్వాత అంచుల దగ్గరకు పోవాలి: ‘కంటే తక్కువ’ అన్న షరతుకూ ‘తక్కువ లేదా సమానం’ అన్న షరతుకూ మధ్య తేడా పాటించారా, షరతు నిజమైన దారిలోనే గాక అబద్ధమైన దారిలోనూ హద్దులు సరిగా కుదించారా, విలువ సున్నాను దాటి రుణసంఖ్యల వైపు పోతే ఏమవుతుంది అని. 8 బిట్లలో -1 నుంచి 1 దాకా ఉన్న మూడే విలువలు ధనసంఖ్యలుగా చూస్తే 255, 0, 1 అవుతాయి. వాటిని ఒకే హద్దులో పెట్టాలంటే 0 నుంచి 255 మొత్తం రాయక తప్పదు. ఇటువంటి చోట తొందరపడి రెండు కొసలనే ధనసంఖ్యలుగా మార్చి 1 నుంచి 255 అని రాసే సూత్రం చూడటానికి సబబుగానే ఉంటుంది, కానీ 0ను వదిలేస్తుంది.

కంటికి నమ్మకం కుదరని చోట చిన్న కొలతలో సమస్తం లెక్కపెట్టి చూడటం ఈ వృత్తిలో మంచి అలవాటు. 4 బిట్ల వెడల్పులో త్రిస్థితి సంఖ్యలు 81 మాత్రమే, జతలు 6,561. 8 బిట్లకు పోతే జతలు 4,30,46,721 అవుతాయి, అవీ మామూలు కంప్యూటర్‌కు సులువే. 64 బిట్లకు ఆ దారి మూసుకుపోతుంది. అక్కడ సూత్రాలను తర్కశాస్త్ర పరిష్కారిణికి, అంటే ఒక ప్రతిపాదనకు వ్యతిరేక ఉదాహరణ ఉందో లేదో వెదికే ప్రోగ్రాముకు, అప్పగిస్తారు. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన హరిశంకర్ విశ్వనాథన్, మతన్ షఖ్‌నాయ్, శ్రీనివాస్ నారాయణ, సంతోష్ నాగరకట్టె 2022లో ప్రచురించిన పరిశోధనలో, పైన చెప్పిన కూడిక ఏదీ వదలదనీ, అంతకంటే సూక్ష్మంగా చేయడం అసాధ్యమనీ నిరూపించారు. పాత గుణకారం మీద 64 బిట్ల దగ్గర పరిష్కారిణి చేతులెత్తేయగా, వారు కొత్త గుణకార పద్ధతిని రూపొందించి కాగితం మీదే రుజువు చేశారు. అది కర్నెల్‌లో చేరింది.

సమీక్ష ఎక్కడ జారిపోతుందో తెలియాలంటే 2021లో బయటపడ్డ, సీవీఈ-2021-3490 అన్న సంఖ్యతో నమోదైన లోపాన్ని దగ్గరగా చూడాలి. మొదటి గడిలో దిగువ సగం కచ్చితంగా 1, ఎగువ సగం ఏమిటో తెలియదు. రెండో గడి పూర్తిగా తెలిసినదే, దాని దిగువ సగం 2, ఎగువ సగం 1. ఈ రెంటికీ ‘అండ్’ వేస్తే దిగువ సగం 0 కావాలి. 32 బిట్ల పద్దు చూసే ఫంక్షన్, రెండు దిగువ సగాలూ తెలిసినవే కనుక ఆ పని 64 బిట్ల ఫంక్షన్ చూసుకుంటుందన్న నమ్మకంతో ఏమీ రాయకుండా వెనుదిరిగింది. 64 బిట్ల ఫంక్షన్, గడి మొత్తం తెలిస్తే తప్ప దిగువ సగం జోలికి పోదు. ఇక్కడ ‘అండ్’ వేశాక వచ్చిన ఫలితం ఎగువ సగంలో ఒక బిట్ తెలియదు. రెండూ వదిలేసిన ఆ పద్దులో పాత విలువ 1 అలాగే ఉండిపోయింది. తర్వాత త్రిస్థితి సంఖ్యతో సరిపెట్టబోతే కనిష్ఠం 1, గరిష్ఠం 0 అని తేలింది. కనిష్ఠం గరిష్ఠం కంటే పెద్దదైన ఈ విడ్డూరాన్ని ఆసరా చేసుకుని, మరికొన్ని ఆదేశాల తర్వాత, వెరిఫైయర్ 0 అని నమ్ముతుండగా నడిచేటప్పుడు 1 అయ్యే గడిని తయారుచేయవచ్చు. ఆపైన దాన్ని ఎంతతో గుణించినా వెరిఫైయర్ లెక్కలో 0గానే ఉంటుంది, నడిచే ప్రోగ్రాము మాత్రం కోరిన దూరానికి పోయి చదవగలదు, రాయగలదు.

‘అండ్’, ‘ఆర్’, ‘ఎక్స్‌ఆర్’ మూడింటిలోనూ ఇదే నమూనా ఉంది. ఒక్కో ఫంక్షన్‌ను విడిగా చదివితే తప్పు పట్టడం కష్టం. ఇద్దరు గుమస్తాలు ఒకరి మీద ఒకరు వేసుకున్న భరోసాలో ఉంది అసలు సంగతి. అంతకు ముందు 2017లో గూగుల్‌కు చెందిన జాన్ హోర్న్ కనిపెట్టిన లోపంలో, 32 బిట్ల -1ను 64 బిట్ల గడిలో ఉంచినప్పుడు ఎగువ సగం 0లతో నిండుతుందా 1లతో నిండుతుందా అన్న విషయంలో వెరిఫైయర్‌కూ ప్రాసెసర్‌కూ భేదం వచ్చింది. 2020లో మాన్‌ఫ్రెడ్ పాల్ చూపించినది కూడా 32 బిట్ల హద్దులకు చెందినదే. సగం గడికీ నిండు గడికీ మధ్య ఉన్న ఈ సరిహద్దు మీద సమీక్షించేవారి వేలు ఎప్పుడూ ఉండక తప్పదు.

రట్గర్స్ బృందమే 2023లో అగ్ని అనే సాధనాన్ని వెలువరించింది. అది వెరిఫైయర్ సీ భాషా మూలాన్నే చదివి తర్కసూత్రాలుగా మార్చి పరిష్కారిణికి ఇస్తుంది; 4.14 నుంచి 5.19 వరకూ గల కర్నెల్ రూపాల మీద దాన్ని ప్రయోగించారు. ఇంత సాధనసంపత్తి ఉన్నా మనిషి చదవవలసినది మిగిలే ఉంటుంది, ఎందుకంటే రుజువైన మార్పులన్నీ చేర్చదగినవి కావు. హద్దును మరింత సూక్ష్మం చేస్తే వెరిఫైయర్ తాను ముందు చూసిన స్థితితో సరిపోల్చి దారిని మధ్యలో ఆపేసే అవకాశం తగ్గవచ్చు, పరిశీలించవలసిన స్థితులు పెరగవచ్చు. పది లక్షల ఆదేశాల పరిమితి దాటితే నిన్నటి దాకా నడిచిన ప్రోగ్రామే తిరస్కారం పాలవుతుంది. అందుకే మార్పుకు ముందూ వెనకా ఎన్ని ఆదేశాలు పరిశీలించవలసి వచ్చిందో వెరిస్టాట్ అనే పనిముట్టుతో పోల్చి చూపమని అడుగుతారు. పరీక్షల్లో అనుమతించవలసిన ప్రోగ్రాములతోపాటు తిరస్కరించవలసినవీ ఉండాలని పట్టుబట్టడం కూడా ఇందులో భాగమే. రెండోరకం లేని పరీక్ష అన్నిటికీ తలుపు తీసే కాపలాదారును కూడా మెచ్చుకుంటుంది.

భారీ పాత్రలు చేసే కర్మాగారాల్లో హోల్డ్ పాయింట్ అనే ఏర్పాటు ఉంటుంది: ఆ దశలో తనిఖీదారు సంతకం పడేదాకా తర్వాతి పని మొదలుకాకూడదు. కర్నెల్ సమీక్ష అటువంటి దశే అయినా, సంతకం పడ్డాక కూడా తప్పు మిగిలిపోవచ్చునన్న ఎరుకతో 2023లో ఆండ్రీ నక్రైకో మరో కాపలాను చేర్చాడు. విలువల లెక్క ముగిసిన చోట ఏ గడిలోనైనా కనిష్ఠం గరిష్ఠాన్ని మించితే కర్నెల్ హెచ్చరిక నమోదు చేస్తుంది. పరీక్షల సమయంలో కోరుకుంటే అక్కడికక్కడే ఆ ప్రోగ్రామును తోసిపుచ్చుతుంది. మామూలు వేళల్లో మాత్రం, ఆ గడి గురించి తాను అప్పటిదాకా రాసుకున్న హద్దులన్నీ కొట్టివేసి, దాని ఎదుట ‘ఏదైనా కావచ్చు’ అని కొత్తగా రాసుకుని తర్వాతి ఆదేశానికి పోతుంది.