పేరు మూసిన సీసా

మన లాక్షణికులు కవిత్వానికి పాకాలు చెప్పాల్సి వచ్చినప్పుడు పళ్ల దగ్గరికే వెళ్లారు. నోట్లో వేసుకోగానే రసం దిగేది ద్రాక్షాపాకం, తొక్క వలుచుకుని తినేది కదళీపాకం, పగలగొడితే గానీ దక్కనిది నారికేళపాకం. ఇంత బాగా చెప్పినవాళ్లు ఒక్కటి అడగలేదు: ఆ ద్రాక్ష ఏ ఏడాదిది? మనకి ఆ అవసరం రాలేదు మరి. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పందిళ్ల నిండా కాసిన అనాబ్-ఎ-షాహీ తెల్లద్రాక్ష కూడా కోసిన కొద్దిరోజుల్లో తినేసే పండే. ద్రాక్షని వైన్ చేసి, పదేళ్లు దాచి, ముందటేడు వైన్‌తో పక్కపక్కన పెట్టి మార్కులు వేయడం ఫ్రాన్స్‌లో బర్గండీ లాంటి చోట్ల అలవాటు. ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్రతి మందు షాపు బోర్డు మీదా 'వైన్స్' అని ఉంటుంది. లోపల అన్నిటికన్నా తక్కువ కనిపించేది వైనే.

సీసాకి కాగితం చుట్టి, పేరు తెలియకుండా రుచి చూడ్డాన్ని బ్లైండ్ టేస్టింగ్ అంటారు. ఇది ఒక విమర్శ పద్ధతి. ఎంత మంచి పద్ధతో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడాలంటే ఓక్ పీపాలో పెరిగిన తెల్ల వైన్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

బర్గండీలో తెల్ల వైన్ అంటే దాదాపుగా షార్డొనే ద్రాక్షే. దీనికి సొంత వాసన తక్కువ, పెంచినవాడి చేతిని బట్టి తయారవుతుంది. 228 లీటర్ల ఓక్ పీపాలో పులియబెట్టి నెలల తరబడి ఉంచితే, మంట మీద కాల్చిన చెక్క నుంచి వెనిలా, కొద్దిగా కొబ్బరి, వేగిన గింజల వాసన దిగుతాయి. ఇంకోపక్క బ్యాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. అంటే పచ్చికాయ పులుపు కాస్తా పెరుగు పులుపవుతుంది. ఆ క్రమంలో పుట్టే డయాసిటైల్ వల్ల వెన్న వాసన వస్తుంది. ఇంగ్లీషు రివ్యూల్లో 'బ్రియోష్', 'హేజిల్‌నట్' అని చదివి తలూపుతాం గానీ, ఆ రెండూ తినకుండా పెరిగినవాళ్లమే ఎక్కువ. వెన్న కాచేటప్పుడు గిన్నె అడుగు ఎర్రబడే వాసన, పెనం మీద నువ్వులు చిటపటలాడే వాసన అంటే మనకి వెంటనే అందుతుంది. రుచి గురించి రాసేవాడి మొదటి పరీక్ష ఇక్కడే: ముక్కు మనది, మాటలు అరువువి.

మొన్న డిసెంబర్‌లో కొత్తపేటలో ఒక స్నేహితుడి ఫ్లాట్‌లో ఐదుగురం కూర్చున్నాం. కస్టమ్స్ వాళ్లు మనిషికి రెండు లీటర్లే ఒప్పుకుంటారు, అంటే రెండు సీసాలు. పారిస్ నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు కాబట్టి నాలుగు సీసాలు. ఒకే ఉత్పత్తిదారు మెర్సో రెండు, 2018ది ఒకటీ 2021ది ఒకటీ. (కామూ నవలలో నాయకుడి పేరూ ఈ ఊరి పేరూ ఒకటే.) ఓక్ తగలని షాబ్లీ ఒకటి. దక్షిణ ఫ్రాన్స్ చవక షార్డొనే ఒకటి. అన్నిటికీ న్యూస్‌పేపర్ చుట్టి, మెడకి రబ్బరుబ్యాండ్ వేసి, నంబర్లు రాశాం. 20 మార్కులకి స్కోరు. వృత్తి ధర్మం ప్రకారం స్ప్రెడ్‌షీట్.

మొత్తం మార్కుల్లో చవక షార్డొనే మొదటిది. వెనిలా, కొబ్బరి కలిసి ఐస్‌క్రీమ్‌లా పలకరించాయి. ఆ ధరకి కొత్త పీపా కుదరదు. 2006 నుంచి ఐరోపా సమాఖ్య ఓక్ చెక్కముక్కల్ని వైన్‌లో నానబెట్టడానికి ఒప్పుకుంటోంది, ఇదీ అలాంటి వ్యవహారమే అయ్యుండొచ్చు. షాబ్లీ అన్నిటికన్నా చివర. "ఏం లేదు మామా ఇందులో, నిమ్మకాయ నీళ్లు" అని తేల్చేశాడొకడు.

రెండో విడతలో ఒక్క క్లూ ఇచ్చాం. వీటిలో రెండు ఒకే చేతివి, ఏడాదులు వేరు, కనిపెట్టండి అన్నాం. గ్లాసులు పట్టుకున్న తీరే మారిపోయింది. 2018 బర్గండీలో ఎండ దండిగా కాసిన ఏడాది. 2021లో ఏప్రిల్ మంచు చిగుళ్లని మాడ్చేసింది, పంట బాగా తగ్గింది, వైన్‌లో పులుపు పదునుగా నిలిచింది. ఐదుగురిలో ముగ్గురు జంటని పట్టుకున్నారు. మొదటి విడతలో 'పులుపు ఎక్కువ' అనిపించుకున్న 2021కి, ఇప్పుడు అదే నాలుక 'కష్టపడ్డ ఏడాది' అని పేరు పెట్టింది. వైన్ అదే, వాక్యం మారింది. ఇది మోసం అనేవాళ్లున్నారు. నా లెక్కలో విమర్శ మొదలైందే అక్కడ.

పేరు మూయడానికి పెద్ద చరిత్రే ఉంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వైన్ వ్యాపారి కాలిఫోర్నియా వైన్లనీ ఫ్రెంచి వైన్లనీ కలిపి, తొమ్మిదిమంది ఫ్రెంచి న్యాయనిర్ణేతల ముందు గుడ్డిగా పెట్టాడు. తెల్లవాటిలో ఆరు కాలిఫోర్నియావి, నాలుగు బర్గండీవి. మొదటిది షాటో మాంటలీనా 1973, అంటే కాలిఫోర్నియాది. రూలో వాళ్ల మెర్సో షార్మ్ 1973 రెండోది. ఒక న్యాయనిర్ణేత కాలిఫోర్నియా వైన్ గుటకేసి మళ్లీ ఫ్రాన్స్‌కి వచ్చామని మురిసిపోయాడని, అక్కడున్న ఒకే ఒక్క విలేకరి జార్జ్ టేబర్ రాశాడు. ఈ కథ ఎవరు చెప్పినా లేబుల్ గర్వం అణిగిన రోజుగానే చెప్తారు. నిజమే. కానీ ఆ పది సీసాల్లో 1972, 1973, 1974 కలిసిపోయి ఉన్నాయి. మా వైన్లు ముదిరితే గానీ తెలియవని ఫ్రెంచివాళ్లు వాదించారు. పదేళ్ల తర్వాత 1986లో మళ్లీ రుచి చూసినప్పుడు ఎర్రవాటినే పెట్టారు. తెల్లవాటి వయసు దాటిపోయిందని పక్కన పెట్టేశారు. కాబట్టి తెల్లవాటి మీద ఆ తీర్పు ఒక్క మధ్యాహ్నానిదిగానే మిగిలిపోయింది.

మా అమ్మమ్మకి ఈ గొడవ లేదు. అటక మీంచి జాడీ దింపి, వేలికొసతో ఆవకాయ నాలిక్కి రాసుకుని "ఇది పోయినేటిది కాదురా, అంతకు ముందేటిది, ఆ ఏడు నూనె చాల్లేదు" అనేది. ఆమెకి పేరు తెలుసు, చెయ్యి తెలుసు, ఇల్లు తెలుసు. తెలిసిన చేతిలో ఏ ఏడు ఏం మారిందో చెప్పడమే ఆమె పాండిత్యం. అన్నీ మూసేసి అడిగితే అందులో సగం పోతుంది.

సాహిత్యంలో ఈ పని 1920ల్లో కేంబ్రిడ్జ్‌లో ఐ.ఏ. రిచర్డ్స్ చేశాడు. పేర్లు తీసేసి కవితల్ని విద్యార్థుల చేతికిచ్చి, వాళ్లు రాసినవన్నీ పోగేసి 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం'గా వేశాడు. డన్, హాప్కిన్స్ లాంటివాళ్లని చాలామంది తోసేశారు. మన కథల పోటీల్లోనూ రాతప్రతి మీద పేరు ఉండకూడదు, హామీపత్రం వేరే కాగితం మీద అంటారు. మంచి నియమమే, ఉండాలి కూడా. స్నేహితుడి పుస్తకానికి స్నేహితుడే రివ్యూ రాసే చోట ఆ ఒక్క కాగితమైనా అడ్డం ఉండటం నయం. కానీ వరసగా డెబ్భై కథలు చదివే న్యాయనిర్ణేత నాలుక మీద ఏది నిలుస్తుంది? ఓకే. అంటే మొదటి పేరాలో చల్లిన మాండలికం, చివరి వాక్యంలో పేలే మలుపు, మధ్యలో దట్టంగా పోసిన వేదన. షాబ్లీ లాంటి కథ 'ఏం లేదు మామా' అనిపించుకుని ఆఖరున మిగిలిపోతుంది. పేరు దాచడం వల్ల పలుకుబడి తగ్గుతుంది, హడావుడి చేసేదానికి మాత్రం దారి ఇంకా సులువవుతుంది. ఒక రచయిత మూడో పుస్తకం మొదటిదానికంటే ఎండిందా, ముదిరిందా అని చెప్పాలంటే మాత్రం కాగితం విప్పాల్సిందే. మన రివ్యూలు ఈ రెండో పని దాదాపు మానేశాయి. ప్రతి పుస్తకమూ ఆ రచయిత మొదటి పుస్తకం అన్నట్టే చదువుతున్నాం.

ముదరడం కూడా గ్యారంటీ ఏమీ కాదు. 1996 నాటి పంట మొదలుకుని తెల్ల బర్గండీలు చాలా సీసాల్లో అనుకున్నదానికంటే ముందే రంగు ముదిరి, నిల్వ యాపిల్ వాసనతో పాడైపోయాయి. ఒకే పెట్టెలో ఒక సీసా బంగారం, పక్కది ఖర్మ. కారణం కార్కా, గంధకం తగ్గించడమా, ద్రాక్ష పిండే యంత్రాలా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. తెరిస్తే గానీ తెలియదు.

నేనొక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. నా దగ్గరున్న పాత సంకలనాల్లోంచి పేరు, సంవత్సరం తీసేసి రాత్రికో కథ ఫోన్‌కి పంపిస్తుంది. చదివి రెండు వాక్యాలు రాశాకే పేరు చూపిస్తుంది. అప్పుడు మళ్లీ చదివి, కింద ఇంకో రెండు వాక్యాలు. రెండు నెలలైంది. రచయితని పట్టుకున్నవి తక్కువ, ఏడాదిని దగ్గరదగ్గరగా పట్టుకున్నవి చాలా. ఉత్తరం రాసే పాత్రో, ల్యాండ్‌ఫోనో, మిస్డ్ కాలో దొరికిపోతుంది. కానీ ఏడాది అంతుపట్టని కథలు ఇప్పటికి నాలుగున్నాయి. వాటిలో మూడింటికి మొదటి చదువులో నేను రాసింది ఒకటే మాట: పలచన. వాటిని పక్కన ఒక ఫోల్డర్‌లో పెట్టాను. వచ్చే డిసెంబర్‌లో మళ్లీ పేరు మూసి పంపమని స్క్రిప్టుకి తేదీ ఇచ్చాను.