మద్రాసు ప్రొబేటు, లంక పొలము

మైలాపూరులో స్థిరపడి, అక్కడనే వీలునామా వ్రాసి కన్నుమూసిన ఒక కోనసీమ పెద్దమనిషి కుమార్తె, నిర్వాహకురాలుగా మద్రాసు హైకోర్టు తన పేర నొసగిన ప్రొబేటును పట్టుగుడ్డలో చుట్టుకొని, తండ్రి లంక పొలమును తన పేర మార్పించుకొనుటకై మన డెల్టాలోని ఒక కచేరీకి పోయినప్పుడు, ఆమె వకీలుగా నేను వెంట నుంటిని. "ఇది పరాయి రాష్ట్రం కాగితమండి, ఇక్కడ చెల్లదండి" అని గుమాస్తా త్రిప్పి యిచ్చెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించుటతో, తరతరాలుగా మన అప్పీళ్లు నడిచిన ఆ నగరము పొరుగు రాష్ట్రమునకు చెందినది, నిజమే. అయినను 'పరాయి' యన్న మాటకు ఆమె మొగము వాడిపోవుట చూచి నాకు కలిగిన బాధ నేటికిని మాసిపోలేదు.

1925 నాటి భారత వారసత్వ చట్టము 273వ సెక్షను ప్రకారము, హైకోర్టు ఇచ్చిన ప్రొబేటు, అందు వేరుగా నిర్దేశింపబడిననే తప్ప, ఇతర రాష్ట్రములందును చెల్లును. జిల్లా జడ్జి ఇచ్చినదైనచో మృతుని నివాసమును గూర్చియు, వెలుపలి ఆస్తి పదివేల రూపాయలు మించరాదనియు నిబంధనలు కలవు. అది చాలనిచోట, అక్కడ రుజువైన వీలునామా ధ్రువీకృత ప్రతిని జతపరచి, ఇక్కడి న్యాయస్థానమున నిర్వహణాధికార పత్రము కోరుటకు 228వ సెక్షను దారి చూపుచున్నది. ఆనాటి చట్టము ననుసరించి, మద్రాసు నగరములో హిందువు వ్రాసిన వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి. ఆయనే సంక్రాంతికి ఊరు వచ్చి, వీధి అరుగుమీద ఇద్దరు సాక్షుల యెదుట ఈ పొలమును గూర్చియే వ్రాసియుండినచో ఆ నిర్బంధమే లేదు.

ప్రొబేటు వీలునామా నిజమని నిరూపించునే గాని, పొలము మృతునిదే యని తేల్చదు. కావుననే ఇట్టి వ్యవహారములలో నేను చట్టముతో పాటు అడంగలు కూడ ముందుంచుకొందును. లంకలలో గోదావరి ఒక వరదకు గట్టు కోసి, మరొక వరదకు వేరొకచోట మేట వేయును; సర్వే నంబరు కాగితముపై చెక్కుచెదరక నిలువగా నేల నీటిపాలగును. వీలునామాలో ఆరెకరములని యుండెను. గొలుసు పట్టి కొలువగా మిగిలినది నాలుగెకరముల పైచిలుకు. తండ్రి ఇచ్చితి ననుకొన్న దానిలో మూడవవంతుకు దగ్గరగా ఏరు తీసికొన్నదని బిడ్డకు చెప్పవలసి వచ్చుట కంటె కష్టమైన పని మా వృత్తిలో నేనెరుగను.

రెండు నెలలు తిరిగిన మీదట కచేరీలో పేరు మారెను. కౌలుదారు ఆ యేటి శిస్తు తెచ్చి, "రసీదు ఇక తమరే రాసియ్యాలండి అమ్మా" అనెను. ఆమె నా కలమడిగి పుచ్చుకొనెను.