రాగిరేకు మీద వెలుగు

బూడిదరంగు అట్ట మీద ఎడ్వర్డ్ స్టైకెన్ తీర్చిన అక్షరాలతో 1903 జనవరి తేదీతో న్యూయార్క్‌లో కళ్లు తెరిచావు, కెమెరా వర్క్ పత్రికా! ఫొటో యంత్రం చేసే పని, అందులో కళేముందని పెద్దమనుషులు పెదవి విరుస్తున్న రోజులవి. నిన్ను కన్న ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ వాళ్లతో వాదించాడు, వాదిస్తూనే నీ పేజీ తెరిచి కళ్లముందు పెట్టాడు.

ఎలాంటి పేజీ అది! అడుగున మందపాటి కాగితం. దాని మీద చేత్తో అంటించిన పల్చటి జపాన్ కాగితం, ఊపిరి తగిలినా కదులుతుంది. భూతద్దం పెట్టి వెతికినా మామూలు అచ్చులోని చుక్కల వరుసలు కనబడవు. రాగిరేకు మీద రెసిన్ పొడి చల్లి, దాన్ని రసాయనం చేత తినిపిస్తే నీడ ఎంత చిక్కనో గుంట అంత లోతు పడుతుంది. సిరా పూసి, పైపైన తుడిచి, తడికాగితం పరిచి ప్రెస్సులో నొక్కితే గుంటల్లోని సిరా కాగితానికెక్కుతుంది. అందుకే నీ నలుపుల్లోకి చూపు దిగుతూనే ఉంటుంది, అడుగు తగలదు. 1904లో బ్రస్సెల్స్ ప్రదర్శనకు ఫొటోలు అందకపోతే నీ పేజీల్లోని బొమ్మలే గోడకెక్కాయట. అవే అసలు ఫొటోలని చూసినవాళ్లు నమ్మారట. నమ్మరా మరి!

తొలి సంచికలోనే గెర్ట్రూడ్ కేసెబియర్ గుమ్మంలో నిలబెట్టిన తెల్లగౌను తల్లినీ, ఆమె పక్కన పాపనీ ఇచ్చావు. ఆ ఏడు అక్టోబరులో మంచులో తేలే ఫ్లాటిరాన్ భవనం. 1911లో స్టీగ్లిట్జ్ ‘ది స్టీరేజ్’: ఓడ పైడెక్కు మీద గుండ్రటి గడ్డి టోపీ, నడుమ తెల్లటి వంతెన, కింద శాలువా కప్పుకున్న స్త్రీ. పేదల ప్రయాణాన్ని జాలిచూపు లేకుండా అంత నిండుగా చూపిన పేజీ నాకు మరొకటి తెలియదు. శిల్పి రొడాన్‌నీ, చిత్రకారులు మతీస్‌నీ, పికాసోనీ కూడా నీ అట్టల మధ్యకు రానిచ్చావు. ఫొటోల కోసం వచ్చిన చందాదారులు కొందరు అలిగి వెళ్లిపోయారు. వెయ్యికి దగ్గరగా ఉన్నవాళ్లు చివరికి నలభై మంది కూడా మిగల్లేదు. అమ్ముడుపోని ప్రతుల్ని స్టీగ్లిట్జే చాలామటుకు నాశనం చేశాడు.

మిగిలినవాటికి మరో ఆపద, కత్తెర. బొమ్మను కోసి ఫ్రేము కట్టి అమ్మితే సంచిక మొత్తానికంటే ఎక్కువ డబ్బొస్తుంది. కోసేసిన సంచిక చేతికొస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. సదాకిచి హార్ట్‌మన్ వ్యాసం, వెనక పేజీల్లో కొడాక్, గోర్జ్ లెన్సుల ప్రకటనలు, వాటి నడుమ ఆ బొమ్మ, అన్నీ కలిస్తేనే కదా నువ్వు!

1917 జూన్‌లో 49, 50 సంచికలు ఒక్కటిగా వచ్చి నీ కథ ముగిసింది. అందులో పాల్ స్ట్రాండ్ ఫొటోలు. ఆ బొమ్మలకు పల్చటి జపాన్ కాగితం కాదు, దళసరి కాగితం వాడారు. తెల్ల కంచె, మెడలో ‘అంధురాలు’ అన్న పలక వేసుకున్న స్త్రీ. మసకలు పరుచుకుంటూ మొదలైన నీకు ఆ కరుకు వెలుగును ఆహ్వానించే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో! ఆ సంచిక కోసమే నేను వెతుకుతున్నాను, అట్టతో, వ్యాసాలతో, ప్రకటనలతో సహా.