ఆమ్లానికి లొంగని ఎరుపు

గోదావరి ఒడ్డున, దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలకు వచ్చే యాత్రికులు సీతవాగులోని రంగురాళ్లను సీతమ్మ పసుపు కుంకుమలుగా భావిస్తారు. నీళ్లలో ఎంత నానినా వదలని అటువంటి రంగే, ఆ చుట్టుపక్కల కోయ గూడేల నుంచి వారాల తరబడి దగ్గుతో వచ్చే మనిషికి క్షయ ఉన్నదో లేదో తేల్చే పరీక్షకు ఆధారం. దాని పేరు జీల్–నీల్సన్ పద్ధతి. బాక్టీరియాతో కలిసినప్పుడు రంగునో బుడగలనో పుట్టించి దాని జాతిని బయటపెట్టే ద్రవాలను కారకాలు అంటారు. వాటన్నిటిలోనూ ఇంత తక్కువ సరంజామాతో ఇంత గట్టి సాక్ష్యం పలికేది మరొకటి లేదు.

చరిత్ర క్లుప్తమే. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ సూక్ష్మజీవిని బెర్లిన్‌లో ప్రకటించాడు. దానికి రంగు పట్టించే ప్రయత్నంలో, పొయ్యి మీద మరిచిపోయిన గాజుపలకలు వేడి మహిమను పాల్ ఎర్లిక్‌కు నేర్పాయని ఒక కథ చెబుతారు. జీల్, నీల్సన్ ఆ రంగు పద్ధతికి తుదిరూపం ఇచ్చారు.

అసలు విద్య చేతిలో ఉన్నది. విరిచిన చీపురు పుల్ల కొనతో తెమడలోని చిక్కని భాగాన్ని ఎత్తి, కొత్త గాజుపలకపై 3 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పున సమంగా పూయాలి. ఆరిన పూత కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు చదవడానికి వీలుండాలి. మంటపై చూపి పూతను పలకకు పట్టించి, బేసిక్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగును ఫినాల్‌తో కలిపిన కార్బాల్ ఫుక్సిన్‌తో ముంచి, కింద నుంచి సెగ చూపుతారు. ఆవిరి లేవాలి, ద్రవం మరగకూడదు. ఈ రెండింటి నడుమనున్న సన్నని హద్దును కంటితోనే పట్టే సాంకేతికుడి నేర్పును ఎంత పొగిడినా తక్కువే. క్షయ సూక్ష్మజీవి గోడలో మైకోలిక్ ఆమ్లాలనే మైనం వంటి పదార్థం ఉంటుంది కనుక, సెగకూ ఫినాల్‌కూ లోబడి ఒకసారి లోపలికి చొరబడిన ఎరుపును అది 25 శాతం గంధకామ్లంతో కడిగినా వదలదు, తక్కినవి దాదాపు అన్నీ వెలిసిపోతాయి. ఆపైన మిథిలీన్ బ్లూ పోస్తే, సూక్ష్మదర్శిని కింద నీలి నేపథ్యంలో సన్నని ఎర్ర పుల్లలు వెయ్యి రెట్ల పెద్దవిగా కనిపిస్తాయి. లేవని తీర్పు చెప్పాలంటే 100 దృశ్యక్షేత్రాలు, అంటే కటకం కింద ఒకసారికి కనిపించే వలయాలు, ఓపికగా వెతకాలి.

తక్కిన కారకాలకూ తమ సొగసు ఉన్నది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క స్టాఫిలోకాకస్‌పై పడితే బుసబుస పొంగుతుంది, స్ట్రెప్టోకాకస్‌పై చలనమే ఉండదు. కోవాక్స్ కారకం ఈ.కోలై పెరిగిన ద్రవంపై చెర్రీ ఎరుపు వలయం కడుతుంది. 

ఇంతటి విద్యను చౌకబారు సరుకు భ్రష్టు పట్టిస్తున్నది. ఫుక్సిన్ పొడిలో అసలు రంగు ఎంత శాతమో సీసాపై చూసి, ఆ లోటు మేరకు తూకం పెంచాలి. ఆ లెక్క వేయకుండా పలచగా కలిపిన ద్రవం రోగిని ఆరోగ్యవంతుడిగా చూపి, అడవి దారిన ఇంటికి పంపి, ఇంటిల్లిపాదికీ జబ్బు పంచుతుంది. కడిగి మళ్లీ వాడిన పలకా, వడకట్టని నీరూ లేని జబ్బును చూపుతాయి. ఇది పొదుపు కాదు, ద్రోహం. సెగ అక్కర్లేదని ఫినాల్ పెంచి చేసే చల్లని పద్ధతి కూడా, సెగలో నలిగిన చేతికి సాటిరాదన్నది ఈ విద్య అభిమానుల పట్టుదల.

తెమడ మిల్లీలీటరుకు 5,000 నుంచి 10,000 సూక్ష్మజీవులుంటే తప్ప రంగు పరీక్షకు చిక్కడం కష్టమనీ, జన్యుపదార్థాన్ని వెతికే యంత్రాలు అంతకన్న చాలా తక్కువనూ పట్టి, రిఫాంపిసిన్ మందుకు లొంగని రకాన్నీ చెబుతాయనీ ఒప్పుకోవలసిందే. అయితే చచ్చిన సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నీ యంత్రం లెక్కలోకి తీసుకుంటుంది కనుక, చికిత్స పనిచేస్తున్నదో లేదో చూడడానికి ఎర్ర సీసా ఇంకా అవసరమే. గిరిజన ప్రాంతాల్లో 50,000 జనాభాకు ఒక సూక్ష్మదర్శిని కేంద్రం ఉండాలన్నది జాతీయ క్షయ కార్యక్రమం పెట్టుకున్న కొలత. భద్రాచలం దాటి అటువంటి కేంద్రాలకు వెళ్లే ప్రతి కొత్త సీసానూ, క్షయ ఉన్నదని తేలిన ఒక పలకపైనా, లేదని తేలిన మరొక పలకపైనా పరీక్షించి, తయారైన తేదీ అంటించి మరీ పంపాలి.