బొమ్మకూ బొమ్మకూ నడుమ

జంషెడ్‌పూరు నగరమున అగ్రికో, భాలుబాసాలకు చేరువగా, సువర్ణరేఖానదికి అనతిదూరమున, సీతారాండేరా యను పేట యొకటి కలదు. 1907లో స్థాపితమైన టాటా ఉక్కుసంస్థ 1912లో తొలి ఉక్కుదిమ్మెను పోతపోసిన కాలము మొదలుకొని, పని వెదుకుకొనుచు ఉత్తరాంధ్రమునుండి వచ్చి, నాడు కాలిమాటి యనబడిన టాటానగరు స్టేషనులో దిగిన తెలుగువారి సంతతి ఈ నగరమున వేళ్లూని, బిష్టుపూరులో ఆంధ్రభక్త శ్రీరామ మందిరమును నిలుపుకొని, ఇంట తెలుగును, బడిలో హిందీని, వీథిలో వంగ, సంథాలీ, ఒడియా భాషలను వినుచు పెరుగుచున్నది. ఈ పేటలోనో, ఇట్టి మఱియొక పేటలోనో, నోటుపుస్తకపు అంచులయందు బొమ్మలు గీచి, పుటలను బొటనవ్రేలితో జారవిడిచి, అవి కదలుట చూచి మురియు బాలబాలికలు ఉండక మానరు. పరీక్షల కాలమున ఈ పుస్తకములు పెద్దల కంటబడినచో చీవాట్లు తప్పవు. ఆ అంచులలోని చేతిపని ఎంత ప్రాచీనమైన విద్యకు కొనసాగింపో, అందెంతటి శాస్త్రము ఇమిడి యున్నదో వివరించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

చలనచిత్రము తెరపై సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడచును. చేతితో గీయువారు సాధారణముగా ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపి, సెకనుకు 12 బొమ్మలతో సరిపెట్టుకొందురు. అట్లయినను ఒక్క నిమిషపు కదలికకు 720 బొమ్మలు కావలెను. ఈ లెక్క విని వెనుదీయక పెన్సిలు పట్టినవారు కొలది మాసములలో గ్రహించు మర్మమేమన, బొమ్మలకు ప్రాణము పోయునది వాని సంఖ్య గాని, విడివిడిగా వాని సొగసు గాని గాక, ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును నడుమ విడిచిన ఎడమే యనునది. కెనడా జాతీయ చలనచిత్ర సంస్థలో దీర్ఘకాలము పనిచేసిన నార్మన్ మెక్‌లారెన్ ఈ సత్యమునే తన కళకు మూలసూత్రముగా గైకొనెను.

దృష్టాంతమునకు, మిద్దెపైనుండి పడుచున్న బంతిని గీయవలెననుకొందము. ఎనిమిది కాగితములపై ఎనిమిది బంతులను సమానమైన దూరములలో గీచి తిప్పి చూచినచో, బంతి పడినట్లుండదు; ఎవరో త్రాటితో కట్టి బావిలోనికి దించినట్లుండును. ఆ ఎనిమిదింటినే మరల గీయుచు, మొదటి రెండు మూడింటిని ఒకదానిపై నొకటి ఇంచుమించు ఆనుకొనునట్లు నిలిపి, ఆపై ఎడమును క్రమముగా పెంచి, నేలను తాకుటకు ముందరి రెండు బొమ్మల నడుమ అన్నింటికంటె ఎక్కువ ఖాళీని విడిచినచో, ఆ వృత్తమునకు ఒక్కసారిగా బరువు వచ్చును. నేలను తాకిన బొమ్మలో బంతి అణగి వెడల్పగును, లేచునపుడు నిలువున సాగును. అయితే ఎంత అణగినను, ఎంత సాగినను, దాని మొత్తపు పరిమాణము మాత్రము తఱుగనూ రాదు, పెరుగనూ రాదు. ఆ బంతియే ఇనుప గుండైనచో అణగుట యుండదు. ఒక్క చిన్న ఎగురు ఎగిరి నిలిచిపోవును. రబ్బరునకును ఇనుమునకును గల భేదమును రంగుతో గాని నీడతో గాని చెప్పనక్కరలేదు, ఎడమే చెప్పగలదు. వాల్ట్ డిస్నీ సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అను ఇరువురు చిత్రకారులు 1981లో వెలువరించిన గ్రంథమున ఇట్టి సూత్రములను పండ్రెండుగా వింగడించి చూపిరి. వానిలో నాకు మిక్కిలి ప్రియమైనది, ఏ పనికైనను దానికి ముందొక సన్నాహము చూపవలెననునది. దుమికెడివాడు ముందుగా మోకాళ్లు వంచును. కొట్టెడివాడు ముందుగా చేయి వెనుకకు తీయును. ఆ వెనుకంజ లేని దుముకు చూపరి కంటికి అందదు.

చేతి పద్ధతియు తెలిసికొనదగినదే. ముందుగా ఒక కదలికలోని ముఖ్యమైన భంగిమలను, అనగా కీ డ్రాయింగులను, గీయుదురు. కూర్చున్న ముసలమ్మ లేచి నిలుచుట గీయవలెనన్నచో, కూర్చున్న భంగిమ, మోకాళ్లపై చేతులాన్చి ముందునకు వంగిన భంగిమ, నిలిచి నడుము సరిచేసికొను భంగిమ, ఈ మూడును కీలగును. వాని నడుమ నింపవలసిన బొమ్మలను ఇన్‌బిట్వీన్‌లందురు. కాగితములన్నియు ఒక్క స్థానమున నిలుచుటకై అంచున రంధ్రములు పొడిచి మేకులకు తగిలింతురు. అడుగున దీపము వెలుగు అద్దపు పలకపై నుంచుటచే క్రింది బొమ్మ పైకాగితములోనికి లీలగా కనబడును. అభ్యాసము గలవాడు ఎడమచేతి వ్రేళ్ల సందున నాలుగైదు కాగితముల అంచులను ఇఱికించుకొని, కుడిచేతితో గీయుచునే వానిని ఎత్తి దించుచు, కదలిక కుదిరినదో లేదో ఎప్పటికప్పుడు చూచుకొనును. గీత నేర్చుట కంటె ఈ వ్రేళ్ల పని నేర్చుట కష్టము. ఆ పిమ్మట కాగితములను వరుసగా ఫొటోలు తీసి నడిపించి చూచునది పెన్సిల్ టెస్ట్. రంగులు పులిమి ముగించిన చిత్రము కంటె, గీతలు తడబడుచున్న ఈ పెన్సిల్ టెస్ట్‌నే నేను ఎక్కువ మక్కువతో చూతును. చిత్రకారుని ఆలోచన అందు దాపఱికము లేక కనబడును.

మన దేశమున ఈ విద్య చాల త్వరగనే మొలకెత్తినది. దాదాసాహెబ్ ఫాల్కే 1915లోనే అగ్గిపుల్లలను కదలించి ఒక లఘుచిత్రము తీసెను. 1956లో ఫిలిమ్స్ డివిజన్ వారు కార్టూన్ చిత్రముల విభాగము నేర్పఱచి, డిస్నీ సంస్థనుండి క్లెయిర్ వీక్స్ అను శిక్షకుని రప్పించి, మన యువకులకు పాఠములు చెప్పించిరి; ఆ శిక్షణకు ఫలముగా మఱుసటి యేట ఒక జాతకకథ కదలే బొమ్మలతో తెరకెక్కెను. 1974 నాటి ఏక్ అనేక్ ఔర్ ఏకతా చిత్రమును దూరదర్శనమున చూడని మా తరము వారు అరుదు.

అయితే తెరపై బొమ్మను ఆడించు విద్య తెలుగువారికి సినిమాతో వచ్చినది కాదు. పదుమూడవ శతాబ్దపు పాల్కురికి సోమనాథుని కాలమునకే తోలుబొమ్మలాట మన దేశమున వాడుకలో నుండెను. నేటికిని ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట గ్రామమున ఈ వృత్తి సజీవమై యున్నది. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. మేకతోలును శుభ్రపఱచి, వెలుతురు దూరునంత పలుచన చేసి, ఆకారము కత్తిరించి, ఆభరణములున్న చోట్ల సన్నని ఉలులతో రంధ్రములు పొడిచి, ఇరువైపుల రంగులు వేయుదురు. భుజమును మోచేతిని వేఱువేఱు ముక్కలుగా కోసి దారముతో ముడివేయుదురు. యువచిత్రకారులు శ్రద్ధగా చూడవలసినది ఈ ముడులనే. దేహమంతయు కదలదు, ఎచట ముడి యున్నదో అచటనే కదలును. కనుక ఏ పాత్రకు ఎచట ముడి వేయవలెను, ఎచట మానవలెను అను విచారములోనే ఆ పాత్ర స్వభావము నిర్ణయమగును. నాట్యకత్తె బొమ్మకు కీళ్లెక్కువ, గంభీరపాత్రకు తక్కువ. బొమ్మను తెరకు అదిమి పట్టినచో అంచులు స్ఫుటముగా నుండును. దీపము వైపునకు వెనుకకు జరిపినచో నీడ పెరిగి మసకబాఱును. రాక్షసుడు కమ్ముకొని వచ్చుట, హనుమంతుడు పెరుగుట, ఈ చిన్న జరుపుతోనే సాధింతురు. తెరవెనుక బల్లచెక్కలపై కాలితో తొక్కి అడుగుల చప్పుడును యుద్ధఘోషను పుట్టింతురు. జర్మనీ దేశమున లోటె రైనిగర్ అను విదుషీమణి నల్లకాగితపు బొమ్మలను ఇట్లే కీళ్లతో కత్తిరించి, 1926లో పూర్తినిడివి చిత్రమును నిర్మించి జగద్విఖ్యాతి గడించినది. ఆమె చిత్రమును చూచిన తెలుగువాడు తన ఊరి తోలుబొమ్మలాటలోని హాస్యపాత్రలైన కేతిగాని, బంగారక్కను తలచుకొనక మానడు.

కథను దృశ్యములుగా విభజించు విద్యయు మనకు క్రొత్త కాదు. తెలంగాణమున చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, గంజి, తెల్లసుద్ద పూసి, ఎఱ్ఱని నేపథ్యముపై కులపురాణములను వరుస గడులలో చిత్రింపగా, కథకులు ఆ పటమును కొంచెము కొంచెముగా విప్పుచు గానము చేయుదురు. జంషెడ్‌పూరున్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే, ధాల్‌భూమ్‌గఢ్ దాపున ఆమాదుబి గ్రామమున, చిత్రకర్ కుటుంబములు పైట్‌కర్ పటములను గీయుచున్నవి. రాళ్లనుండియు ఆకులనుండియు తీసిన రంగులు, మేకవెండ్రుకల కుంచెలు, నిడుపైన కాగితపు చుట్ట, అందు ఒకదాని క్రింద నొకటిగా సంథాలుల సృష్టికథయో కరమ్ పండుగయో మనసాదేవి కథయో. పటము విప్పుచుండగా పాట సాగును. నేటి చిత్రనిర్మాతలు స్టోరీబోర్డు అను పేర చేయుచున్న పనికి ఇంతకంటె మంచి పాఠశాల వేఱెచట దొరకును? సీతారాండేరా పిల్లలు ఆ గ్రామమునకు ఒక ఆదివారము పోయి రావచ్చును. మన బాపు తన చలనచిత్రములకు దృశ్యములన్నిటిని ముందుగానే బొమ్మలలో గీచికొనెడివారని సినీలోకమంతయు నెఱుగును. ఆయన చిత్రములలోని చట్రపు కూర్పునకు మూలము అదియే.

గీత విషయమునను మనము నిరుపేదలము కాము. 1930వ దశకమున పత్రికలలో తలిశెట్టి రామారావుగారు తెలుగు వ్యంగ్యచిత్రమునకు శ్రీకారము చుట్టిరి. 1947లో వెలసిన చందమామ పుటలలో చిత్రా, శంకర్‌ల బొమ్మలను చూచి తరతరముల పిల్లలు చూపు నేర్చుకొనిరి. ఆ పత్రిక ముఖచిత్రములకు వన్నె తెచ్చిన వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళమున జన్మించినవారు, అనగా జంషెడ్‌పూరు తెలుగువారిలో అనేకుల తాతముత్తాతల సీమవారే. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగునకు బాపు గీచిన రూపమును చూడుడు: నిలిచియున్న బొమ్మయే, కాని ఆ పిల్లవాడు మఱుక్షణమున ఏమి చేయనున్నాడో ఆ నిలుచున్న తీరులోనే తెలియును. ముందు చెప్పిన సన్నాహము ఒక్క గీతలో ఇమిడినది.

ఇక సీతారాండేరా యువకునకు గల గొప్ప భాగ్యము సరాయికేలా సామీప్యము. అచటి ఛౌ నర్తకుడు మట్టితోను కాగితముతోను గుడ్డతోను చేసిన ముఖకోశము ధరించి ఆడును. పెదవి కదలదు, కనుబొమ ముడివడదు, మాట యుండదు. హర్షమైనను శోకమైనను మెడ వంపుచేతను, భుజముచేతను, పాదన్యాసముచేతను పలుకవలసినదే. ఛౌ అభ్యాసమున పులి నడక, కొంగ నడక మొదలైన జంతుగతులు కలవు. పేడ కలుపుట, అంట్లు తోముట వంటి ఇంటిపనులనుండి గ్రహించిన విన్యాసములు కలవు. 2010లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించిన ఈ నృత్యము చైత్రపర్వమున ప్రతి యేట జరుగును. ముఖమును గీయుటలోనే శ్రమనంతయు వెచ్చించి, క్రింది దేహమును కొయ్యవలె విడిచిపెట్టు ప్రారంభకులకు, ఒక రాత్రి ఛౌ చూచుట ఎన్నియో పాఠములకు సాటి. జపాను కార్టూనుల పెద్దకన్నులను అనుకరించుట నేరమని నేననను. అనుకరణతోనే చేయి తిరుగును. కాని నడక మాత్రము తన వీథిలో చూచి గీయవలెను. షిఫ్టు దిగి సైకిలు నడిపించుకొనుచు వచ్చు కార్మికుని నడకయు, టుసు పండుగనాడు చౌడళ్లు అను రంగుకాగితపు మందిరములను మోసికొని సువర్ణరేఖకు పోవు స్త్రీల నడకయు ఏ పరదేశపు కార్టూనులోను దొరకవు.

సాధనముల కొఱత నేడు సాకు కాజాలదు. ఒక ఫోను, ఒక బల్బు, ఒక అద్దపు పలక చాలును. కంప్యూటరున్న యింట బ్లెండర్, క్రీటా వంటి సాఫ్ట్‌వేరులు ఉచితముగానే లభించును. లాత్వియా దేశపు గింట్స్ జిల్బలోడిస్ అను యువకుడు అవే అను పూర్తినిడివి చిత్రమును తానొక్కడే నిర్మించి 2019లో విడుదల చేసెను. తరువాత చిన్న బృందముతో బ్లెండర్‌పై నిర్మించిన ఫ్లో చిత్రము 2025లో ఆస్కారు గెలిచినది. ఆ చిత్రమున ఒక్క సంభాషణయు లేదు. పిల్లి పిల్లివలె నడచుటయే దాని బలము. ఇచట ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. రెండు కీల నడుమ బొమ్మలను యంత్రమే నింపగలదు. కాని దానికి విడిచిపెట్టినచో, తొలి ప్రయత్నమున బంతిని గీచిన పిల్లవానివలెనే, అది ఎడములను సమముగా పంచుటయో, అన్ని కదలికలకు ఒకే తీరు మలుపు నిచ్చుటయో చేయును. ఎచట తఱచుగా నింపవలెను, ఎచట ఖాళీ విడువవలెను అను నిర్ణయము కన్ను గలవాడు చేయవలసినది. ఆ కన్ను ఏర్పడుటకు కాగితముపై కొన్నివందల బొమ్మలు గీయక తప్పదని నా దృఢవిశ్వాసము.

ఈ అభిరుచి జీవనోపాధి యగునా యని తల్లిదండ్రులు అడుగుదురు. వారి ప్రశ్న న్యాయమైనదే. కొందఱికగును, పెక్కురకు కాదు. కాని ముసలమ్మ లేచి నిలుచు తీరును పదుమూడు బొమ్మలలో పట్టుకొనుటకై ఆమెను రోజులకొలది గమనించిన పిల్ల, ఏ వృత్తిలో స్థిరపడినను, ఎదుటి మనుష్యుని కష్టమును చూడనేర్చిన పిల్లయే.

జంషెడ్‌పూరు తెలుగు సంఘముల పెద్దలకు ఒక మనవి. ఏటేట ఉగాదికి పద్యములు చదివింతురు, నాట్యము చేయింతురు, సంతోషము. ఆ వేదికపైనే ఒక తెల్లగుడ్డ కట్టించి, మన పిల్లలు గీచిన కదలే బొమ్మలకు ఒక అరగంట కేటాయింపుడు. నిమ్మలకుంటనుండి ఒక మేళమును, ఆమాదుబినుండి ఒక పటచిత్రకారుని అదే సాయంకాలమునకు ఆహ్వానింపుడు. తల్లులారా, అంచులలో బొమ్మలున్న పాత నోటుపుస్తకములను ఈ యేడు తూకమునకు వేయకుడు.