పలుకుబడి చెల్లని చోట: ప్రవాస తెలుగువారి కార్యాలయ భాష – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
విదేశాలకు వెళ్లిన తెలుగువారు అక్కడి కార్యాలయాలకు అలవాటుపడిన తీరును వారి వాడుక మాటల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అమెరికా, గల్ఫ్ ప్రవాసాల్లో ఏర్పడిన రెండు భిన్న పదజాలాలను పోల్చి, ప్రవాస సాహిత్య విమర్శ కార్యాలయాన్ని ఒక ముఖ్యవస్తువుగా స్వీకరించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రవాసం, కార్యాలయం, పలుకుబడి, వీసా, గల్ఫ్ వలస, హక్కు.

1. ఉపోద్ఘాతం:
ప్రవాస తెలుగు సాహిత్యాన్ని చర్చించేటప్పుడు స్వదేశంపై బెంగ, తరాల అంతరం, మాతృభాష దూరం కావడం అనే అంశాలు తరచుగా ముందుకు వస్తాయి. ప్రవాసి జీవితంలో చాలా భాగాన్ని నిర్ణయించే కార్యాలయం మాత్రం నేపథ్యంగా మిగిలిపోతుంది. కౌంటరు ముందు వరుస, నింపవలసిన ఫారం, రావలసిన ఉత్తరం వాతావరణ చిత్రణకు పనికివచ్చే వివరాలుగానే కనిపిస్తాయి. వాటిని ప్రస్తావించినప్పుడు కూడా అక్కడ అంతా సక్రమం, ఇక్కడ అంతా అక్రమం అనే పోలికతో సరిపెట్టుకోవడం పరిపాటి. ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో ప్రవాసుల భాషే చెబుతుంది.

2. స్వదేశపు పూర్వరంగం:
తెలుగులో 'పలుకుబడి' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి వాడుక, నుడికారం. రెండవది నలుగురిలో మాట చెల్లే శక్తి. కార్యాలయంతో మన సంబంధం చాలాకాలం రెండవ అర్థం మీదనే నడిచింది. దరఖాస్తు, దాఖలు, హాజరు, మంజూరు, సిఫారసు అనే మాటలు పాలనతోపాటు పారసీ, అరబీ భాషల నుండి వచ్చాయి. వాటి పక్కన జనం తమ నుడికారాన్ని కల్పించుకున్నారు. ఫైలు 'కదలాలి', చేయి 'తడపాలి', పెద్దమనిషి చేత 'ఒక మాట చెప్పించాలి'. నియమం కంటే దాని వెనుకనున్న మనిషే ప్రధానమన్న అనుభవం ఈ మాటల్లో ఉంది. గురజాడ 'కన్యాశుల్కం'లో వ్యాజ్యాల చుట్టూ తిరిగే రామప్పంతులు, రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లోని కోర్టు, పోలీసు లోకం ఈ అనుభవానికి సాహిత్య రూపాలు. అక్కడ వ్యవస్థకు ఒక ముఖం ఉంది. దానిని బతిమాలవచ్చు, తిట్టవచ్చు, కొనవచ్చు.

3. అమెరికా – ముఖంలేని వరుస:
అమెరికా చేరినవారికి మొదట కనిపించే కొత్తదనం సిఫారసు అక్కరలేకపోవడం. కారు లైసెన్సుకు కావలసిన పత్రాలు చూపి, పరీక్ష రాసి, బండి నడిపి చూపితే చాలు. వరుస అక్కడా ఉంటుంది; ఒక పత్రం తక్కువైతే వెనక్కి పంపడమూ ఉంటుంది. గుమాస్తాను బతిమాలడానికి అలవాటుపడినవారికి, నియమాన్ని సడలించే అధికారం ఆ గుమాస్తాకే లేదని బోధపడడానికి కొంతకాలం పడుతుంది.

వలస విభాగం దగ్గర ఈ చిత్రం మారిపోతుంది. ఉద్యోగ ప్రాతిపదికన ఇచ్చే శాశ్వత నివాస వీసాలు ఏటా సుమారు 1,40,000. సాధారణ నియమం ప్రకారం ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ వాటిలో 7 శాతానికి మించి దక్కవు. అందువల్ల భారతీయుల నిరీక్షణ ఏళ్లకేళ్లు సాగుతుంది. తల్లిదండ్రుల వంతు రాకముందే పిల్లలకు 21 ఏళ్లు నిండితే, వారు ఆ దరఖాస్తు నుండి జారిపోయే ప్రమాదముంది. లంచం అడిగినవారు లేరు, నియమం తప్పినవారూ లేరు. అయినా ఒక కుటుంబం చీలిపోవచ్చు.

ఈ నిరీక్షణలో పుట్టిన నుడికారం గమనించదగినది. హెచ్-1బి లాటరీ 'తగులుతుంది'. డేట్లు ముందుకు 'కదులుతాయి', ఒక్కొక్కప్పుడు 'వెనక్కి పోతాయి'. ఫైలుకు వాడిన క్రియాపదమే తేదీకి వచ్చింది. కదిలించే మనిషి మాత్రం కనిపించడు. ఆ ఖాళీలోకి దైవం ప్రవేశించింది. హైదరాబాదు సమీపంలోని చిలుకూరు బాలాజీ 'వీసా దేవుడు' అయ్యాడు. కోరిక కోరేటప్పుడు 11, తీరిన తరువాత 108 ప్రదక్షిణలు చేయడం అక్కడి ఆచారం. మొర వినే అధికారి దొరకనప్పుడు సిఫారసు కోరే అలవాటు ఎక్కడికి చేరుతుందో ఇది చూపుతుంది.

4. గల్ఫ్ – పూచీకత్తు జీవితం:
కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్లిన శ్రామికుల పదజాలం వేరు. వారి మొదటి కార్యాలయం స్వదేశంలోనే ఎదురవుతుంది. 1983 నాటి వలస చట్టం కింద, పదవ తరగతి పూర్తిచేయనివారు నిర్దేశిత దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి పొందాలి. అక్కడికి చేరిన తరువాత పూచీపడిన యజమాని 'కఫీల్', నివాసపత్రం 'అకామా'. ఉద్యోగం మారడం, కొన్నిచోట్ల దేశం విడిచి రావడం కూడా చాలాకాలం కఫీల్ సమ్మతిపై ఆధారపడ్డాయి. ఖతర్, సౌదీ అరేబియా ఇటీవల ఈ షరతులను కొంత సడలించాయి. పాస్‌పోర్టును యజమాని ఉంచుకోవడం నిషిద్ధమైనచోట కూడా ఆ అలవాటు కొనసాగింది.

ఒకప్పుడు అరబీ మాటలు పాలకుల కచేరీల నుండి తెలుగులోకి దిగాయి. ఈసారి కూలీల నోటినుండి ఊరికి చేరాయి. వాటిలో 'ఖల్లివెల్లి' ప్రత్యేకమైనది. గల్ఫ్ వాడుకలో 'పోనీ, వదిలెయ్' అని అర్థమిచ్చే ఈ మాట, యజమానిని విడిచి పత్రాలు లేకుండా బతికే మనిషికి తెలంగాణ పల్లెల్లో పేరైంది. వ్యవస్థ వదిలేసిన మనిషికి ఆ వదిలివేతే గుర్తింపు. యు.ఎ.ఇ. 2018లోనూ 2024లోనూ ప్రకటించిన సడలింపు గడువులను తెలుగు పత్రికలు 'క్షమాభిక్ష' అన్నాయి. జీతం అందక పని విడిచినవాడు కూడా ఈ సమాసంలో ఒకేసారి అపరాధిగా, యాచకుడిగా మారతాడు. బాకీపడ్డ యజమాని ఆ మాటలో ఎక్కడా లేడు.

5. ముగింపు:
కాబట్టి 'అంచనాలు సర్దుకోవడం' ఒకే అనుభవం కాదు. లైసెన్సు కౌంటరు దగ్గర ప్రవాసి అడగడం నేర్చుకుంటాడు. వీసా వరుసలో నిరీక్షించడం నేర్చుకుంటాడు. కఫీల్ దగ్గర అడగకుండా ఉండడం నేర్చుకుంటాడు. పోలికలో రెండవ పక్షమైన స్వదేశమూ నిలిచిపోలేదు. 2005 సమాచార హక్కు చట్టం, 2011లో మొదలైన మీసేవ కేంద్రాలు ఇక్కడి అంచనాలను కూడా మార్చాయి. తాను విడిచివచ్చిన నాటి కచేరీతోనే పోల్చే కథకుడి దృష్టిని విమర్శకుడు ఈ కోణంలో పరీక్షించాలి. కౌంటరు ముందు నిలిచినది ఎవరు, పని ఆగితే వారికి పోయేది ఒక పూటా, ఒక దశాబ్దమా, ఇంటికి చేరే దారా అన్న ప్రశ్నలు వేయాలి. అమెరికా కథకు సంకలనాలూ పత్రికలూ ఉన్నాయి. ఖల్లివెల్లి అయి తిరిగివచ్చినవారి మాట ఎక్కువగా మౌఖికంగానే ఉంది. వారు ఊళ్లలో ఉండగానే ఆ మాటలను వారి నుండి సేకరించడం తెలుగు శాఖలు ఇప్పుడే చేపట్టవలసిన పరిశోధన.