చిన్న పనిముట్లతో పాటల సీడీ

లైనక్స్ లాంటి యూనిక్స్ తరహా వ్యవస్థల్లో పాటల సీడీ రైట్ చేసే పాత పద్ధతి చూడ్డానికి చాదస్తంగానే ఉంటుంది. ఎంపీత్రీని విప్పడానికి ఎంపీజీ123, శాంపుల్ రేటు మార్చడానికి సాక్స్, డిస్కు మీదకు ఎక్కించడానికి సీడీరికార్డ్ లేదా సీడీఆర్‌డీఏఓ. ఒక్కోటి ఒక్క పనే చేస్తుంది, ఒకటి ఇచ్చినదాన్ని ఇంకొకటి అందుకుంటుంది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టగా 1973లో యూనిక్స్‌లోకి వచ్చిన, ఒక ప్రోగ్రాము ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైపు నేర్పిన అలవాటు ఇది. ధ్వని ఏ మెట్టు దగ్గర ఏమవుతోందో వాడేవాళ్లకు కనబడడమే ఈ పద్ధతిలో అసలు లాభం.

ఎందుకంటే ఆడియో సీడీ లెక్క చాలా కచ్చితం. 1980లో ఫిలిప్స్, సోనీ ఖరారు చేసిన రెడ్ బుక్ ప్రమాణం ప్రకారం సెకనుకు 44,100 శాంపుళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు. ఆ సెకను డిస్కు మీద 75 సెక్టార్లవుతుంది. సెక్టారుకు 588 శాంపుళ్లు, అంటే 2,352 బైట్లు. 48,000 రేటుతో, 24 బిట్లలో రికార్డు చేసిన గంట కచేరీ చేతిలో ఉందనుకుందాం. సాక్స్ దాన్ని 44,100కు దించుతుంది. 16 బిట్లకు కుదించేటప్పుడు డిథర్ అనే అతి సన్నని రొద తనంతట తానే కలుపుతుంది. అది లేకపోతే తంబురా నాదం సన్నగిల్లే చోట గరగర వినిపించవచ్చు. ఇక ఆలాపనకూ కృతికీ మధ్య ట్రాకు విడగొట్టాలి. కోత 588 గుణిజం మీద పడకపోతే మిగిలిన సెక్టారును సున్నాలతో నింపాల్సి వస్తుంది, అక్కడ టిక్కుమంటుంది. ట్రాకు ట్రాకుకూ ఆగి రాస్తే మధ్యలో రెండు సెకన్ల నిశ్శబ్దం, శ్రుతి తెగిపోతుంది. సీడీఆర్‌డీఏఓతో ఈ బెడద లేదు. కచేరీ మొత్తం ఒకే ఫైలుగా ఉంచి, ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో మామూలు టెక్స్టు ఫైల్లో రాసిస్తే చాలు, డిస్కంతా ఏకబిగిన రాసేస్తుంది.

కేత్రీబీ అనే సీడీ రైటింగ్ ప్రోగ్రాములో ఒక్క క్లిక్కుతో అయ్యేదానికి ఇంత తంటా ఎందుకని అడగవచ్చు. అడగాల్సిందే, ఆదేశాలను వివరించే మాన్ పేజీలు కొత్తవాళ్లకు కొరుకుడుపడవు. కానీ కేత్రీబీ కూడా తెర వెనక పిలిచేది ఈ సీడీరికార్డ్‌నూ సీడీఆర్‌డీఏఓనూ. తేడా వస్తే వెతకాల్సిందీ అక్కడే. పైగా సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీత్రీని 1,411 కిలోబిట్ల సీడీ ధ్వనిగా విప్పితే ఫైలు ఉబ్బుతుందే గాని పోయిన ధ్వని తిరిగి రాదు. ఆ సంగతి ఒక్క క్లిక్కులో కనబడకుండా పోతుంది, విడివిడిగా చేసినప్పుడు కళ్లెదుటే ఉంటుంది.

ఈ రోజుల్లో సీడీ ఎవరు వింటున్నారన్న ప్రశ్నలో మరింత నిజముంది. రైట్ చేసిన సీడీలోని రంగుపూత ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది కాబట్టి దాన్ని భద్రపరిచే సాధనంగా నమ్మకూడదు కూడా. కానీ ఈ పనిముట్లన్నీ సీడీ కోసమే పుట్టినవి కావు. క్యాసెట్టు నుంచి ఎక్కించిన ధ్వనిని కత్తిరించేదీ ఈ సాక్సే. దాన్ని ఒక్క బిట్టూ పోకుండా కుదించి దాచేది 2001లో వచ్చిన ఫ్లాక్. మీ ఇంట్లో కచేరీలవో, హరికథలవో, పద్యనాటకాలవో క్యాసెట్లు మిగిలి ఉంటే ముందు ఫ్లాక్‌లో దాచుకోండి. సీడీ అయినా ఎంపీత్రీ అయినా దాన్నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు.